కొత్త హార్డ్ డ్రైవ్ కొన్నారా? ఫార్మాట్ నొక్కే ముందు ఒక్క నిమిషం!

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోంచేసి అలా నడుం వాల్చానో లేదో, తెనాలి నుంచి మా బాబాయి కొడుకు ఫోన్. వాడు బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాడు.

"అన్నయ్యా, 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ కొన్నా. రైట్ క్లిక్ కొట్టి ఫార్మాట్ అంటే చిన్న బాక్స్ వచ్చింది. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ అని రెండున్నాయి. ఏది బెస్ట్?"

"ఒరేయ్, ముందు మౌస్ మీంచి చెయ్యి తియ్" అన్నాను.

వాడు పకపకా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫార్మాట్ అనే మాట వింటే నాకు ఇప్పటికీ గుండె ఒక్కసారి గుభేలుమంటుంది. ఎందుకో చెప్తాను. అది చెప్పాక వాడికి ఏం సలహా ఇచ్చానో కూడా చెప్తాను. మీ ఇంట్లోనూ రేపో మాపో ఇదే బాక్స్ తెరుచుకుంటుంది కదా!

నాలుగేళ్ల కిందటి పొరపాటు

మా తాతయ్య తెనాలి దగ్గర ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా పనిచేశారు. ముప్ఫయ్యేళ్ల పైచిలుకు లెక్కలు రాశారు. నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిన కొత్తలో, సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి ఫోన్‌తో వీడియో తీశాను. చిన్నప్పటి సంగతులు, మిల్లు సంగతులు, నానమ్మతో పెళ్లి సంగతులు. ఆ ముక్కలన్నీ కలిపి ఒకే వీడియో చేస్తే 6 జీబీ పైన వచ్చింది. ఫోన్‌లో చోటు లేదని అందులోవి డిలీట్ చేసి, వీడియోని నా 500 జీబీ డ్రైవ్‌లో పెట్టాను. ఆ ఏడాదే తాతయ్య పోయారు.

కొన్ని నెలలకి ఆఫీసు వాళ్లు మ్యాక్ ఇచ్చారు. నా డ్రైవ్ దానికి తగిలిస్తే ఫైల్స్ కనిపిస్తున్నాయి, తెరుచుకుంటున్నాయి కూడా. కొత్తది ఒక్కటి కూడా కాపీ కావట్లేదు. డ్రైవ్‌ది ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ అని, మ్యాక్ దాన్ని చదువుతుందే గానీ దాని మీద రాయదని అప్పుడే తెలిసింది. "ఎక్స్‌ఫ్యాట్‌లోకి మార్చెయ్, అయిపోతుంది" అన్నారు అందరూ. నా పాత లాప్‌టాప్ తెరిచి చూశాను. డెస్క్‌టాప్ మీద "తాతయ్య" అని ఫోల్డర్ ఉంది. హమ్మయ్య, ఇంకో కాపీ ఉందిలే అనుకుని డ్రైవ్ ఫార్మాట్ కొట్టేశాను. పది సెకన్లు కూడా పట్టలేదు.

ఆ రాత్రే తెలిసింది, డెస్క్‌టాప్ మీద ఉన్నది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. దారి చూపించే బోర్డు మాత్రమే. ఆ దారి చివర ఉండాల్సిన ఇంటిని నేనే కూల్చేశాను.

రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి తెల్లవార్లూ కూర్చున్నాను. ఫొటోలు చాలావరకు వచ్చాయి, పేర్లు పోయి వట్టి నంబర్లతో. వీడియో మాత్రం 11 నిమిషాలు ఆడి ఆగిపోయింది. మిల్లు లెక్కల గురించి చెబుతూ చెబుతూ మాట మధ్యలో ఆగిపోతారు ఆయన. అందులో ఎవరి తప్పూ లేదు, నాదే. కానీ ఆ రెండు మూడు విషయాలు నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బావుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అసలు ఫార్మాట్ అంటే ఏంటి?

ఆ 11 నిమిషాల్లో తాతయ్య చెప్పిన మాటే దీనికి సరిగ్గా సరిపోతుంది. మిల్లు గోడౌన్‌లో వేల బస్తాలుంటాయి. ఏ బస్తా ఏ వరసలో ఉందో గోడౌన్‌కి తెలీదు, గుమాస్తా పుస్తకానికి తెలుసు. పుస్తకం పోతే బస్తాలు అక్కడే ఉన్నా ఏది ఎవరిదో తెలీదు.

హార్డ్ డ్రైవ్ ఆ గోడౌన్ లాంటిది. మీ ఫైల్స్ బస్తాలు. ఏ ఫైల్ ఎక్కడుంది, ఎంతుంది, పేరేంటి అని రాసుకునే పుస్తకం, ఆ రాసే పద్ధతి కలిపి ఫైల్ సిస్టమ్. ఫార్మాట్ చేయడమంటే పాత పుస్తకం తీసేసి కొత్త పద్ధతిలో ఖాళీ పుస్తకం తెరవడం. అందుకే క్విక్ ఫార్మాట్ అంత క్విక్‌గా అయిపోతుంది. బస్తాలు కదలవు, పుస్తకమే మారుతుంది. నా ఫొటోలు పేర్లు పోయి తిరిగొచ్చింది కూడా అందుకే.

ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతి పెట్టుకుంది. విండోస్‌కి అర్థమయ్యే పుస్తకం మ్యాక్‌కి పూర్తిగా అర్థం కాదు, మ్యాక్ పుస్తకం విండోస్‌కి అసలే అర్థం కాదు. గొడవంతా ఇక్కడే.

నాలుగు పద్ధతులు, నాలుగు స్వభావాలు

ఫ్యాట్32: పెద్దాయన. 1996 నాటి విండోస్ 95 కాలం నుంచి ఉంది. పాత టీవీ, కారు మ్యూజిక్ ప్లేయర్, ఏదో మూలనున్న డీవీడీ ప్లేయర్, అన్నీ దీన్ని గుర్తుపడతాయి. చిక్కల్లా ఒకటే. ఒక ఫైల్ సైజు రాసుకోవడానికి ఇది 32 బిట్ల చోటే ఉంచుకుంది. అందులో పట్టే అతిపెద్ద అంకె 4,294,967,295. అంటే ఏ ఒక్క ఫైల్ అయినా 4 జీబీకి ఒక్క బైట్ తక్కువలోనే ఉండాలి. డ్రైవ్‌లో 400 జీబీ ఖాళీ ఉన్నా సరే, 5 జీబీ పెళ్లి వీడియో పెడితే "ఫైల్ చాలా పెద్దది" అంటుంది. చాలామంది డ్రైవ్ పాడైందనుకుంటారు. పాడవలేదు, పుస్తకంలో గడి చాల్లేదు అంతే. పెద్ద డ్రైవ్‌కి మామూలుగా ఆ బాక్స్‌లో విండోస్ దీన్ని చూపించనే చూపించదు.

ఎన్‌టీఎఫ్‌ఎస్: 1993లో విండోస్ ఎన్‌టీతో పాటు వచ్చింది. మీ విండోస్ లాప్‌టాప్‌లో సీ డ్రైవ్ ఉన్నది దీంట్లోనే. దీని గొప్పతనం జర్నలింగ్. మళ్లీ తాతయ్య దగ్గరికే వెళ్దాం. వాళ్లు ముందు చిట్టాలో రాసి, ఆ తర్వాతే ఆవర్జాలోకి ఎక్కించేవారట. మధ్యలో దీపం ఆరిపోయినా, పొద్దున్నే చిట్టా చూస్తే ఎక్కడ ఆగామో తెలిసేది. ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసేదీ అదే. పుస్తకంలో ఏ మార్పు చేయబోతున్నదీ ముందు విడిగా రాసుకుంటుంది. కాపీ అవుతుండగా కేబుల్ ఊడినా, కరెంటు పోయినా పుస్తకాన్ని సరిచేసుకోగలదు. అయితే ఆ క్షణంలో కాపీ అవుతున్న ఫైల్‌కి మాత్రం హామీ లేదు, మిగతా గోడౌన్‌కే హామీ. లోటేంటంటే, మ్యాక్ దీన్ని చదువుతుంది గానీ రాయదు. రాయాలంటే విడిగా సాఫ్ట్‌వేర్ కావాలి.

ఎక్స్‌ఫ్యాట్: 2006లో మైక్రోసాఫ్టే తెచ్చింది. ఫ్యాట్32కి తమ్ముడు అనుకోండి, కానీ 4 జీబీ బెడద లేదు. విండోస్ చదువుతుంది, రాస్తుంది. మ్యాక్ 2010 నుంచి చదువుతుంది, రాస్తుంది. 2019లో మైక్రోసాఫ్ట్ దీని వివరాలు బయటపెట్టాక లినక్స్‌లోకీ నేరుగా వచ్చేసింది. కెమెరాల్లో వేసే 64 జీబీ, 128 జీబీ ఎస్‌డీ కార్డులు కూడా ఇదే వాడతాయి. అందరితో కలిసిపోయే రకం. మరి లోటు? దీనికి చిట్టా లేదు, ఆవర్జా ఒక్కటే. రాస్తుండగా కేబుల్ లాగేశారో, ఆ ఒక్క పుస్తకం చెడిపోవచ్చు. అప్పుడు ఒక్క ఫైల్ కాదు, ఫోల్డర్లకు ఫోల్డర్లే కనిపించకుండా పోయే ప్రమాదం ఉంది.

ఏపీఎఫ్‌ఎస్: ఆపిల్‌ది. 2017లో హై సియర్రాతో మ్యాక్‌లకు వచ్చింది. ముఖ్యంగా ఎస్‌ఎస్‌డీల కోసం చేసింది. ఇంట్లో అన్నీ మ్యాక్‌లే అయితే, డ్రైవ్ కూడా ఎస్‌ఎస్‌డీ అయితే హాయిగా వాడుకోండి. విండోస్‌కి మాత్రం ఇది గ్రీకు, లాటిన్.

లినక్స్ వాళ్లకి ఈఎక్స్‌టీ4 ఉంది. దానికీ జర్నలింగ్ ఉంది. విండోస్, మ్యాక్ రెండూ దాన్ని నేరుగా తెరవవు. లినక్స్ వాడేవాళ్లకి ఇది నేను చెప్పేదేం లేదు, వాళ్లే నాకు చెప్తారు!

మరి మీకేది?

"ఏది బెస్ట్" అన్నది తప్పు ప్రశ్న. "ఈ డ్రైవ్ ఎవరెవరి చేతుల్లోకి వెళ్తుంది?" అన్నది అసలు ప్రశ్న. ఒక కాగితం మీద రాసుకోండి. నా లాప్‌టాప్, అక్క మ్యాక్, హాల్లో టీవీ, నా ఫోన్... అలా.

* అన్నీ విండోస్ లాప్‌టాప్‌లే అయితే కళ్లు మూసుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్.
* అన్నీ మ్యాక్‌లే అయితే ఏపీఎఫ్‌ఎస్. టైమ్ మెషీన్ బ్యాకప్‌కి అయితే విడిగా ఒక డ్రైవే పెట్టండి. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌ల మీద అది నేరుగా బ్యాకప్ తీసుకోదు.
* విండోస్, మ్యాక్ రెండింటి మధ్య తిరగాలంటే ఎక్స్‌ఫ్యాట్.
* టీవీకి పెట్టాలంటే ముందు ఆ టీవీ మాన్యువల్ చూడండి. కొన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ చదువుతాయి, కొన్ని ఎక్స్‌ఫ్యాట్ చదువుతాయి, మరీ పాతవి ఫ్యాట్32 తప్ప ఇంకోటి ముట్టవు.
* ఆండ్రాయిడ్ ఫోన్‌కైతే అన్నీ ఒకేలా ఉండవు. ఒక చిన్న పెన్‌డ్రైవ్‌ని ఎక్స్‌ఫ్యాట్ చేసి పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఐఫోన్‌లో 2019 నాటి ఐఓఎస్ 13 నుంచి ఫైల్స్ యాప్‌లో ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ తెరుచుకుంటుంది.

ఇంకోటి, ఇది నా తోటి కోడింగ్ జనాలకి. ప్రాజెక్ట్ ఫోల్డర్లని ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్ మీద నేరుగా పెట్టకండి. 32 జీబీ దాటిన ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌కి విండోస్ మామూలుగా 128 కేబీ గదులు కడుతుంది. 1 కేబీ ఫైల్‌కి కూడా ఒక గది మొత్తం ఇచ్చేయాల్సిందే. జావాస్క్రిప్ట్ ప్రాజెక్టులో అలాంటి బుల్లి ఫైల్స్ 50,000 ఉన్నాయనుకోండి, చేతికి అందేంత డేటా లేకపోయినా 6 జీబీ పైన మింగేస్తుంది. అదే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 4 కేబీ గదులు కాబట్టి 200 ఎంబీకి అటూఇటూగా సరిపోతుంది. పైగా ఎక్స్‌ఫ్యాట్‌లో సింబాలిక్ లింకులు ఉండవు, కొన్ని ప్రాజెక్టులు అసలు రన్నే కావు. ఏం చేయాలంటే, ప్రాజెక్టుని ఒకే జిప్ ఫైల్ చేసి పెట్టుకోండి.

ఆ బాక్స్‌లో మిగతా గడులు

మా తమ్ముడు ఫోన్‌లో వరసగా చదివి వినిపించాడు. మీకూ ఉపయోగపడుతుందని రాస్తున్నా.

"కెపాసిటీ 931 జీబీ అంటోంది అన్నయ్యా, మోసం చేశారా?" లేదు. కంపెనీ లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1,024 చొప్పున భాగిస్తూ పోతుంది కాబట్టి అదే సైజు 931గా కనిపిస్తుంది. బైట్లు ఎక్కడికీ పోలేదు.

"అలొకేషన్ యూనిట్ సైజ్?" ఇందాక చెప్పిన గది కొలత. డిఫాల్ట్ ఉంచెయ్.

"క్విక్ ఫార్మాట్‌కి టిక్ ఉంది." కొత్త డ్రైవ్‌కి అది చాలు. టిక్ తీసేస్తే డ్రైవ్ మొత్తం మీద సున్నాలు రాసుకుంటూ పోతుంది. సెకనుకు 100 ఎంబీ చొప్పున రాసినా 1 టీబీకి దాదాపు మూడు గంటలు. పాత హార్డ్ డ్రైవ్‌ని ఎవరికైనా అమ్మేటప్పుడు మాత్రం ఆ టిక్ తప్పకుండా తియ్యండి. క్విక్ ఫార్మాట్ చేసి అమ్మితే, నేను ఫొటోలు వెనక్కి తెచ్చుకున్నట్టే కొన్నవాడూ మీ ఫొటోలు తెచ్చుకోగలడు.

ఇక 2 టీబీ కన్నా పెద్ద డ్రైవ్ కొంటే పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్ కాకుండా జీపీటీ ఉండాలి. మామూలు ఎంబీఆర్ 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు.

తుడిచే ముందు, తీసే ముందు

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఎవరి దగ్గరో తెచ్చిన డ్రైవ్ తగిలిస్తే విండోస్ "వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని అడిగిందనుకోండి, లేదా డ్రైవ్ అసలు కనిపించలేదనుకోండి. అందులో ఏమీ లేదని కాదు దానర్థం. అందులోని పుస్తకం విండోస్‌కి చదవడం రావట్లేదని కూడా కావచ్చు. మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఎవరో దాచుకున్న ఫొటోలు నిక్షేపంగా ఉండి ఉండొచ్చు. క్యాన్సిల్ కొట్టి, డ్రైవ్ ఇచ్చినవాళ్లని అడగండి.

ఫార్మాట్ చేసే ముందు రెండో కాపీ ఉందనుకోవడం వేరు, ఉందని చూసుకోవడం వేరు. డ్రైవ్ కేబుల్ పీకేసి, ఆ తర్వాత రెండో కాపీలోని ఫైల్ తెరవండి. వీడియో అయితే మధ్యలోకి, చివరికి జరిపి చూడండి. ఆడిందా? అప్పుడు ఫార్మాట్ నొక్కండి. ఆ ఒక్క పని చేసి ఉంటే నా షార్ట్‌కట్ బండారం ఆ రోజే బయటపడేది.

పని అయ్యాక ఎజెక్ట్ చేసి తీయండి. విండోస్ 10లో 2018 నుంచి క్విక్ రిమూవల్ డిఫాల్ట్‌గా వస్తోంది, నిజమే. కానీ డ్రైవ్ మీద ఏదో రాస్తుండగా లాగితే అది కాపాడదు. చిట్టా లేని ఎక్స్‌ఫ్యాట్‌కైతే ఎజెక్ట్ అలవాటే చిట్టా.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. ఏ ఫార్మాట్ కూడా బ్యాకప్ కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ కరెంటు కోతని తట్టుకుంటుంది, డ్రైవ్ మంచం మీంచి కింద పడితే తట్టుకోదు. ఒక్కచోటే ఉన్న ఫైల్ ఎప్పుడైనా పోయే ఫైలే.

ఇంతకీ వాడికేం చెప్పాను?

"ఈ డ్రైవ్‌లో ఏం పెడతావ్‌రా?" అని అడిగాను చివరికి. కాసేపు మాట్లాడలేదు వాడు.

"నానమ్మని వీడియో తీస్తున్నా అన్నయ్యా. రోజుకి కొంచెం. తాతయ్య నీకు ఏం చెప్పాడో ఆవిడ్ని అడిగి చెప్పించుకుంటున్నా. మిల్లు సంగతులు ఆవిడకీ తెలుసంట. ఫోన్ నిండిపోయింది, అందుకే కొన్నా."

ఇప్పుడు మాట్లాడకపోవడం నా వంతైంది.

వాడి దగ్గర విండోస్ లాప్‌టాప్ ఉంది. వాళ్లక్క బెంగళూరులో మ్యాక్ వాడుతుంది, ఆమె చూడాలి. నానమ్మ టీవీలో చూసుకోవాలి. టీవీ మాన్యువల్ వెతికిస్తే ఎక్స్‌ఫ్యాట్ చదువుతుందని ఉంది. కాబట్టి ఆ 1 టీబీ డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్. అది ఊళ్లు తిరిగే డ్రైవ్. ఊళ్లు తిరిగేది పడుతుంది, పోతుంది, కేబుల్ ఊడుతుంది. అందుకని ఇంకో డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టి, బీరువాలో ఉంచమన్నాను. అది గడప దాటకూడదు. వారానికోసారి అందులోకి కాపీ చేయాలి, తెరిచి చూడాలి, ఎజెక్ట్ చేసి మళ్లీ బీరువాలో పెట్టాలి. ఫోన్‌లో వీడియోలు మాత్రం రెండు డ్రైవ్‌ల్లోనూ ఆడాయని చూశాకే డిలీట్ చేయాలి.

"రెండో డ్రైవ్‌కి డబ్బుల్లేవు అన్నయ్యా" అన్నాడు.

నా పాత 500 జీబీ డ్రైవ్ ఇస్తానన్నాను, పంపిద్దామని బయటికి కూడా తీశాను. తీరా చూస్తే అన్నేళ్ల డ్రైవ్‌ని నమ్మి నానమ్మని అందులో పెట్టబుద్ధి కాలేదు. కొత్తది ఆర్డర్ చేశాను. గురువారం వాడికి అందింది.

రాత్రి మెసేజ్ పెట్టాడు: "కేబుల్ పీకేసి చెక్ చేశా. మధ్యలో, చివర్లో కూడా ఆడుతోంది."